పూతకొస్తే పీకేద్దాం

బుడమేరు వాగు పొంగి బెజవాడ మీద పడిన ఏడు అది. వాళ్ళకి బుడమేరు, మాకు మునేరు. అదే వాన, అదే వారం. మా ఊరు నందిగామకీ జగ్గయ్యపేటకీ నడుమ, ఏటి ఒడ్డుకి కాస్త ఎడంగా ఉంటుంది. నీళ్ళు ఇంట్లోకి రాలేదు. దొడ్లోకి వచ్చి, కొన్నాళ్ళు నిలిచి, మోకాలి లోతు ఒండ్రు వదిలిపెట్టి పోయాయి. గొడ్లసావిడి గోడ ఒక పక్కకి ఒరిగింది. గేదె బతికింది.

మా అబ్బాయి స్టీవెన్ అప్పటికి బెజవాడ సింగ్ నగర్లో ట్రాలీ ఆటో తోలుకుంటున్నాడు. కోడలు రోజారమణి అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో చిన్నపిల్లలకి చదువు చెప్పేది. నీళ్ళు తీశాక ఇద్దరూ ఒక లారీ వెనక ఆటోని తాడేసి కట్టుకుని ఇంటికి వచ్చారు. ఇంజన్ నిండా బురద. ఆటోని వాకిట్లో వేపచెట్టు కింద నిలబెట్టి పట్టా కప్పాం. వాడి వెంట ఆటోలో తిరిగే కల్యాణ్ అనే కుర్రాడు ఆ నీళ్ళల్లోనే పోయాడని కోడలు మాకు చెప్పింది. స్టీవెన్ చెప్పలేదు. నేను అడగలేదు.

లూర్దమ్మ, అంటే మా ఆవిడ, ఈ విషయంలో నన్ను దెప్పని రోజు లేదు. "మన పెళ్ళినాడు ఫాదరు గారు నీకిష్టమేనా అనడిగితే తల ఊపావు. ఇప్పటికీ ఆ ఊపడమే. కొడుక్కేమైందో నోరు తెరిచి అడగవయ్యా" అనేది. నేను దానికీ తల ఊపేవాణ్ణి.

ఒండ్రు ఆరాక దొడ్లో ఎవరూ చల్లని పైరు మొలిచింది. టమాటా, తోటకూర, ఏ ఊరి పొలంలోవో నాలుగు పొద్దుతిరుగుడు మొక్కలు. వాటితోపాటు పెంటకుప్ప పక్కన చేతివేళ్ళలా చీలిన ఆకుతో కొన్ని మొక్కలు లేచాయి. గోగు అనుకున్నాను. గోగాకూ అలాగే చీలుతుంది. వంగి చూస్తే అంచులకి రంపం పళ్ళున్నాయి. నలిపి వాసన చూశాను. గోగు కాదు.

పశువులకి నాటుమందిచ్చే రత్తయ్య ఆ వారంలోనే మా గేదెని చూడ్డానికి వచ్చాడు. కడుపుబ్బరం చూసి, దాని నోట్లో ఏదో పోసి, చేతులు కడుక్కుంటూ ఆ మొక్కల దగ్గర ఆగిపోయాడు.

"ఇదెక్కడిది జ్ఞానయ్యా? గంజాయి ఇది."

హైవే మీద లారీల్లో ఆ సరుకు పోతుంటుందనీ, బోర్డరు చెక్‌పోస్టు దగ్గర పట్టుబడుతుంటుందనీ మేమూ వింటుంటాం. వరదలో ఎవరు ఎక్కడ మూట పారేశారో, దాని గింజ మా దొడ్లో వచ్చి పడింది. నేను పీకడానికి వంగాను. రత్తయ్య నా భుజం పట్టుకున్నాడు. మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కదా అన్నాడు. ఈ ఆకు ఆముదంలో వేయించి గోరువెచ్చగా కడితే వాపు లాగేస్తుందట. ఆకు గుణం వేరు, పూత గుణం వేరట. మత్తంతా పూతలోనేనట. పూతకొస్తే పీకి పారేయండి, అందాకా ఆకు వాడుకోండి అని చెప్పి వెళ్ళాడు.

మొక్క ఉన్నా కేసేనని మాకు తెలియక కాదు. లూర్దమ్మ ఆ రాత్రి చాలాసేపు ఆలోచించింది. మిరపకోతలకీ పత్తితీతలకీ పోయిపోయి అరగదీసుకున్న కాళ్ళు ఆవిడవి. నందిగామ డాక్టరు కీళ్ళు మార్చాలన్నాడు. అంతకన్నా ఆవిడకి కష్టంగా ఉండేది వేరే. గుళ్ళో అందరూ మోకరించినప్పుడు తనొక్కతే వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం. "దేవుడి ముందు కుర్చీ వేసుక్కూర్చున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే" అనేది.

పొద్దున్నే నా దగ్గరికి వచ్చి, "పూతకొస్తే పీకేద్దాం" అంది. తల ఊపాను.

కట్టు కట్టిన రెండో ఆదివారమో మూడో ఆదివారమో, పూజలో అందరూ మోకరించే వేళ ఫాదరు గారు అప్పాన్ని పైకెత్తారు. ఆడవాళ్ళ వైపు చూస్తే వెనక కుర్చీ ఖాళీగా ఉంది. లూర్దమ్మ కింద ఉంది. అందరితోపాటు మోకాళ్ళ మీద ఉంది. అంతమందిలో తల తిప్పి మగవాళ్ళ వైపు నా కోసం వెతికింది. నేను చూశానని తెలిశాక మళ్ళీ ముందుకి తిరిగింది.

ఆ తర్వాత ఆ మొక్కల్ని నేను మిరపనారు కన్నా జాగ్రత్తగా చూశాను. చుట్టూ కందికంప పాతాను. గేదె మూతి పెట్టకుండానూ, దారిన పోయేవాళ్ళ కంట పడకుండానూ. వాటిలో కొన్నిటికి చిన్నచిన్న మొగ్గలు గుత్తులుగా వేలాడి పసుప్పచ్చటి పొడి రాల్చాయి. మగ బొప్పాయిని ఉంచుకోం కదా, అలాగే వాటిని పీకేశాను. మిగిలిన వాటికి పైన చివర్న, ఆకుల సందులో తెల్లటి నూగు కనిపించడం మొదలైంది. పూత అంటే అదేనని చూడగానే తెలిసింది.

పీకాల్సిన రోజు అదే.

నేను పీకలేదు. పత్తికి తల తుంచినట్టు గోటితో ఆ చివర్లు తుంచేశాను. పూత తలకాయలోనే కదా వస్తోంది, తల లేకపోతే పూత ఎక్కడిది అనుకున్నాను. తుంచినవి పెంటకుప్ప మీద పారేశాను. వేళ్ళకి పట్టుకున్న బంక సబ్బుకి పోలేదు, ఆముదంతో రుద్దితే పోయింది. లూర్దమ్మ వంటింట్లోంచి "పూతొచ్చిందా?" అనడిగితే "లేదు" అన్నాను. అబద్ధం కాదనే అనుకున్నాను.

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పత్తిలో ఉన్నవాణ్ణి. తల తుంచితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్కరెమ్మలు కడతాయి. ఒక తల పోయిన చోట నాలుగు తలలు లేస్తాయి. తుంచేది అందుకే. అవీ అదే పని చేశాయి. నేను తుంచుతూ పోయాను, అవి గుబురు కడుతూ పోయాయి. నడుమెత్తు మొక్కలు గంపల్లా తయారయ్యాయి. ఆకు కావలసినంత దొరుకుతోందని లూర్దమ్మకి సంతోషం. తుంచి పారేసినవి మర్నాటికి కుప్ప మీద కనిపించేవి కావు. కోళ్ళు చెదరగొట్టి ఉంటాయనుకున్నాను.

స్టీవెన్ వచ్చిన కొత్తలో పడుకునేవాడు కాదు. ఏ వేళప్పుడు లేచి చూసినా వాకిట్లో తిరుగుతూ ఉండేవాడు. పైన వాన చినుకు పడితే లేచి తలుపు దాకా వెళ్ళి నేల చూసేవాడు. కార్తీకం వచ్చేసరికి మనిషి మారాడు. సాయంత్రం ఆటోలోకి ఎక్కి సీట్లో కాసేపు కూర్చుని వచ్చేవాడు. వచ్చి, పెట్టింది పెట్టినట్టు తినేవాడు. పడుకుంటే పొద్దెక్కిందాకా లేచేవాడు కాదు. బండి బాగుచేయించుకోవాలన్న మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నందిగామ మెకానిక్ దగ్గరికని బయల్దేరి దారిలో ఏ కాలవగట్టు మీదో కూర్చుని వచ్చేవాడు. "పోనీలే, నిద్ర పడుతోంది బిడ్డకి" అని లూర్దమ్మ సంబరపడింది. నేనూ పడ్డాను. బెజవాడ పేరెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు.

కోడలు సంబరపడలేదు. నందిగామలో ఒక బళ్ళో చేరింది. షేర్ ఆటోలో పోయి షేర్ ఆటోలో వచ్చేది. వాడితో మాట్లాడ్డం తగ్గించింది. ఇంట్లో నాలాంటివాళ్ళు ఇద్దరయ్యారని లూర్దమ్మ ఎగతాళి చేసింది.

క్రిస్మస్ ఇంకా నెల ఉందనగా ఒక ఆదివారం. పూజ అయ్యాక లూర్దమ్మ పాటలు నేర్చుకోవడానికి గుళ్ళోనే ఉండిపోయింది. స్టీవెన్ ఊళ్ళోకి వెళ్ళాడు. నేను అరుగు మీద కూర్చుని స్టారుకి వెదురుబద్దలు చెక్కుతున్నాను. రోజారమణి చేట పట్టుకుని వచ్చి నా ముందు దించింది. బియ్యం ఏరడానికేమో అనుకున్నాను. చేటలో ఎండిన ఆకులాంటిది ఉంది. ఒక ప్లాస్టిక్ కవరు పక్కన పెట్టింది.

"ఆటో సీటు కింద దొరికింది మావయ్యా. ఏంటని మీ అబ్బాయిని అడిగాను. అమ్మ మోకాళ్ళకి ఆకు ఎండబెట్టానన్నారు."

నేను కత్తి పక్కన పెట్టాను.

"నాకు పచ్చిదే సరిగా తెలీదు, ఎండింది ఏం తెలుస్తుంది? మీరు రోజూ చూస్తున్నారు. ఆకైతే ఆకని చెప్పండి. అనుమానపడినందుకు ఆయనకి నేనే చెప్పుకుంటాను. మా అమ్మవాళ్ళకి ఫోన్ చేసి రావట్లేదని కూడా చెప్తాను."

వాళ్ళమ్మవాళ్ళది జి.కొండూరు. వెళ్ళిపోవడానికి మాట్లాడేసుకుందని నాకప్పుడు తెలిసింది.

చేట దగ్గరికి లాక్కున్నాను. ఎండినా వాసన మారలేదు. ఒక పుల్ల తీసి పక్కన పెట్టాను. "కాడ" అన్నాను. కోడలు దాని వైపు చూడలేదు. నా మొహమే చూస్తోంది. చేట అంచున రెండు గింజలున్నాయి. పక్కన పెట్టాను. మిగిలినదాంట్లోంచి ఒక ఉండలాంటిది తీసి వేళ్ళ మధ్య నొక్కాను. ఎండిన ఆకు నొక్కితే పొడి అవుతుంది. ఇది పొడి కాలేదు. వేళ్ళకి అంటుకుంది.

ఆకు అనొచ్చు. ఆ పిల్ల నమ్మేది. నమ్మడానికే తెచ్చింది.

"ఇదేంటి మావయ్యా?"

"పూత."

"ఇదో?"

"అదీ అంతే."

ఇంకొకటి చూపించబోయి ఆగిపోయింది. "ఆకేది మరి?"

"ఇందులో ఆకు లేదమ్మా."

ఆ అమ్మాయి ఏడవలేదు. అరుగు కింద మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. కాసేపటికి, చెట్టుకున్న పూత ఆయన ఎప్పుడు కోశారు, మీరెవ్వరూ చూడలేదా అనడిగింది. వాడు కోయలేదనీ, కోసింది నేనేననీ చెప్పాను. పూత రాకూడదని తుంచాననీ, తుంచి పెంట మీద వేశాననీ, వాడు అక్కడ ఏరుకున్నాడనీ చెప్పాను. చెబుతుంటే నాకే తెలుస్తోంది, ప్రతి వారం నేను వాడికి చేతికందేలా పెట్టానని. నేను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడ్డం ఆ అమ్మాయి ఎప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగి చూసింది.

"సాయంత్రం దాకా ఉంటాను మావయ్యా. ఆయనేం చెప్తారో విని వెళ్తాను" అంది.

లూర్దమ్మ వచ్చాక చేట చూపించాం. ఎవరి తప్పు ఎంతని అడగలేదు. పాటల పుస్తకం గూట్లో పెట్టి దొడ్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. కందికంప తప్పించి, ఒండ్రులో మోకాళ్ళ మీద కూర్చుంది. మొదలు రెండు చేతులా పట్టుకుని ఒక్కొక్కటే వేళ్ళతో సహా లాగింది. సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది. అన్నీ అయ్యాక లేవలేకపోయింది. అప్పుడు చెయ్యి ఇచ్చింది. నేను గుంట తీసి వాటిని పేడ కింద కప్పెట్టాను. చేటలోదీ అందులోనే వేశాను.

పొద్దు వాలేవేళకి స్టీవెన్ వచ్చాడు. ఆటో దాకా వెళ్ళి, సీటు ఎత్తి చూసి, దొడ్లోకి వెళ్ళి, తిరిగొచ్చి వసారాలో నిలబడ్డాడు. లోపల ముగ్గురం ఉన్నాం. కోడలి సంచి గుమ్మం పక్కనే ఉంది.

"ఎవరు పీకారు?"

"నేనే" అంది లూర్దమ్మ.

"నీ మోకాళ్ళకైతే మందు. నేను వాడితే తప్పా?"

వాడి గొంతు పెద్దదేం కాదు. అయినా గేదె చెవులు నిక్కబొడిచింది. వాడన్నదాంట్లో అబద్ధం లేదు.

లూర్దమ్మ కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని ఉంది. మోకాళ్ళ నిండా ఒండ్రు ఎండిపోయి ఉంది. "మందే నాయనా" అంది. "నాకు కాళ్ళు నొప్పని ఊరందరికీ తెలుసు. గుళ్ళో కుర్చీ చూస్తే తెలుస్తుంది. నీకేం నొప్పో ఈ ఇంట్లో ఎవరికి తెలుసు? నీ పెళ్ళానికి చెప్పావా? నాకు చెప్పావా? మీ నాన్నకి సరే, ఆయనకి చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటే."

ఇంకో రోజైతే నవ్వేవాడు. నిలబడినవాడు నిలబడినట్టే కిందికి జారి కూర్చున్నాడు. చేతులు చూసుకున్నాడు. కుడి చెయ్యి.

"కల్యాణ్‌గాడి చెయ్యి పట్టుకున్నా అమ్మా" అన్నాడు. "ఆటో టాప్ మీద నేనున్నా. వాడు కింద. గట్టిగానే పట్టుకున్నా. తడికి జారింది."

అంతే చెప్పాడు. పడుకుంటే ఆ చెయ్యి గుర్తొస్తుందట. ఆ పూత తాగితే గుర్తు రాదట. కోడలు ఇదంతా అప్పుడే వింది. నీళ్ళల్లో పోయాడని తెలుసు గానీ ఎవరి చేతిలోంచి పోయాడో ఆ పిల్లకీ తెలియదు. లేచి వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. సంచి మాత్రం గుమ్మం దగ్గరే ఉంది, దాన్ని లోపల పెట్టలేదు.

ఇలాంటివాటికి బెజవాడ పెద్దాస్పత్రిలో డాక్టర్లు ఉంటారనీ, నిద్రకి వేరే మందులిస్తారనీ, తిట్టరనీ తర్వాత మెల్లగా చెప్పింది. వాళ్ళ బళ్ళో ఒకామె తమ్ముణ్ణి తీసుకెళ్ళిందట.

"బెజవాడ నేను రాను" అన్నాడు స్టీవెన్.

లూర్దమ్మ నా వైపు చూసింది. రోజారమణీ చూసింది. ఇక తల ఊపితే సరిపోదు.

"పొద్దున్నే పోదాం. నేనొస్తా" అన్నాను.

వాడు అన్నం పెడితే తిన్నాడు.

తెల్లవారి స్నానాలు చేసి షేర్ ఆటోలో నందిగామ పోయి బెజవాడ బస్సెక్కాం. వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కీసర దగ్గర ఏరు దాటేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. కంచికచర్లలో బస్సు ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఉన్నట్టుండి లేచి, "టీ తాగొస్తా నాన్నా" అన్నాడు. నా మోకాళ్ళు దాటుకుని కిందికి దిగిపోయాడు.

టీ కోసం కాదని నాకు తెలుసు. ఎదురుగా, మళ్ళీ ఇంటివైపుకి, జగ్గయ్యపేట పోయే బస్సు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. వాడు రోడ్డు దాటబోతూ వెనక్కి చూశాడు. నేను దిగి వాడి వెనకే నిలబడి ఉన్నాను. మేమొచ్చిన బస్సు కండక్టరు విజిల్ వేశాడు. ఎక్కమని నన్ను కేకేశాడు. నేను కదల్లేదు. ఆ బస్సు వెళ్ళిపోయింది. జగ్గయ్యపేట బస్సూ వెళ్ళిపోయింది.

"ఎందుకు దిగావు?" అన్నాడు.

"టీ తాగుదామన్నావుగా."

కొట్టు దగ్గర రెండు టీలు చెప్పాను. వాడు గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. నేను నిదానంగా తాగాను. తొందరేముంది, బెజవాడకి బస్సులకి కొదవలేదు. ఒకటి వచ్చింది, వాడు చూశాడు, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. నాకు ఏదన్నా మాట్లాడితే బాగుండుననిపించింది. కల్యాణ్ వాళ్ళది ఏ ఊరని అడిగాను. చందర్లపాడు అన్నాడు. వాళ్ళమ్మ ఉందా అన్నాను. ఉందన్నాడు. వాడు ఎలాంటివాడు అని అడిగాను.

స్టీవెన్ గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. పాటలు గట్టిగా పెట్టేవాడట. మిర్చిబజ్జీలంటే పిచ్చట. బేరం కుదిరాక కూడా ఇంకో పది అడిగేవాడట. చెబుతూ చెబుతూ ఒకచోట నవ్వాడు. ఎండ మొహం మీదికి వచ్చింది, అయినా జరగలేదు. నేను ఇంకో రెండు టీలు చెప్పాను.

తర్వాతి బెజవాడ బస్సు జనంతో కిక్కిరిసి వచ్చింది. ఈసారి వాడే ముందు ఎక్కి, తోసుకుంటూ లోపలికి పోయి, నాకు సీటు పట్టాడు.